రెండో తరగతి పిల్లాడికి బెంటో డబ్బా కొన్నాను. చారు కారుతోంది, అన్నం వెనక్కి వస్తోంది. ఏం చెయ్యాలి?

మధురవాడ_అమ్మ
మా వాడు రెండో తరగతి. ఈ ఏడు స్కూలు మార్చాం, మధ్యాహ్నం భోజనం ఇంటి నుంచే పంపాలి. బస్సు 7:10కి వస్తుంది, వాళ్ళు తినేది 12:20కి. విశాఖలో జగదాంబ దగ్గర ఒక షాపులో ఐదు అరల బెంటో డబ్బా (జపాన్ తరహా అరల లంచ్ బాక్సు) కొన్నాను. ప్లాస్టిక్‌ది, 850 రూపాయలు. "చుక్క కారదు మేడమ్" అన్నాడు షాపతను. రెండో రోజే టమాటా చారన్నం పెట్టిన అర నుంచి చారు పక్క అరలోని జామకాయ ముక్కల్లోకి, అక్కడి నుంచి బ్యాగులోకి వెళ్ళింది. తెలుగు వాచకం సగం పచ్చగా అయిపోయింది. ఇదొక బాధ.

రెండోది ఇంకా పెద్దది. మూడు రోజులుగా డబ్బా ఎలా పంపానో అలాగే నిండుగా తిరిగి వస్తోంది. అడిగితే "ఆకలెయ్యలేదు" అంటాడు. ఇంటికి రాగానే మాత్రం సాక్సులు కూడా విప్పకుండా వంటింట్లోకొచ్చి పెరుగన్నం రెండుసార్లు పెట్టించుకుంటాడు. నా వంట నచ్చడం లేదా, డబ్బా నచ్చడం లేదా తెలియడం లేదు. స్టీలు తీసుకోవాలా, ప్లాస్టిక్కేనా? ఎన్ని అరలు, ఎంత సైజు? పిల్లలకి వాడుతున్నవాళ్ళు చెప్పండి.

సీతమ్మధార_స్వాతి
స్టీలు తీసుకోండి. ఇంకేం ఆలోచించకండి.

గాజువాక_గిరి
మా నాన్నగారు ముప్ఫై ఏళ్ళు మూడు గిన్నెల క్యారేజీతోనే డ్యూటీకి వెళ్ళారు. కింద అన్నం, మధ్యలో కూర, పైన పప్పో పులుసో. ఒక్క రోజు కారిందని అమ్మ చెప్పగా వినలేదు. ఐదు అరల డబ్బాలో పెట్టడానికి రోజూ ఐదు పొడి వస్తువులు మనింట్లో ఎక్కడుంటాయండీ? మనది కలుపుకుని తినే తిండి.

కంచరపాలెం_కుర్రోడు
గిరి గారూ, మీ నాన్నగారు క్యారేజీ చేత్తో నిలువుగా పట్టుకుని వెళ్ళుంటారు. రెండో తరగతి పిల్లాడు బ్యాగులో పడేసి, బ్యాగు బస్సులో పడేస్తాడు. మూడు గిన్నెలు అడ్డంగా పడితే ఏ క్లిప్పూ ఆపదు. మా చెల్లి కొడుకు క్యారేజీ అలాగే మజ్జిగపులుసు అభిషేకం చేసింది, బ్యాగు నాలుగు రోజులు ఎండలో పెట్టినా వాసన పోలేదు.

గాజువాక_గిరి
అదీ నిజమే. చేత్తో పట్టుకెళ్ళే వయసు వచ్చాకే క్యారేజీ.

ఒకప్పటి_ఒసాకా
నేను నాలుగేళ్ళు జపాన్‌లోని ఒసాకాలో పనిచేసి వచ్చాను, ఇప్పుడు ఋషికొండ వైపు ఆఫీసు. బెంటో గురించి కొంచెం పొడుగ్గా రాస్తాను. ఈ డబ్బా దేనికోసం పుట్టిందో తెలిస్తే మీ చారు ఎందుకు కారిందో అర్థమవుతుంది.

జపాన్ వాళ్ళ బియ్యం పొట్టిగా ఉంటుంది, వండితే అతుక్కుంటుంది. పెట్టెలో అదిమి పెడితే మధ్యాహ్నం దాకా ఇటుకలా కదలదు. దాని పక్కన వేయించిన చేప ముక్క, మడత వేసిన గుడ్డట్టు, ఉడికించిన కూరగాయ, కొంచెం ఊరగాయ. అన్నీ నీరు లేనివే. కూరలో తడి ఉంటే వడకట్టి మరీ పెడతారు. వాళ్ళు తాగే మిసో సూప్ బెంటో పెట్టెలో పెట్టరు, కావాలంటే విడిగా మూత బిగించే ఫ్లాస్కులో పట్టుకెళ్తారు. అందుకే చాలా బెంటో పెట్టెల్లో మధ్య గోడలు అన్నాన్నీ కూరనీ విడిగా ఉంచడానికే. నీళ్ళు ఆపడానికి కాదు. రబ్బరు అంచు చుట్టూ ఒక్క వరసే ఉంటుంది. బయటికి కారకపోవచ్చు గానీ లోపల ఒక అర నుంచి ఇంకో అరకి వెళ్ళిపోతుంది. మీ జామకాయ ముక్కలకి జరిగింది అదే.

కొన్ని రకాల్లో మూతకి లోపలి వైపు ప్రతి అరకీ విడిగా సిలికోన్ గాడి ఉంటుంది. అవి పెరుగు, చట్నీ లాంటి చిక్కటివి ఆపుతాయి. చారుని అవి కూడా నమ్మకంగా ఆపవు.

ఇంకో మాట. సైజుని వాళ్ళు అరలతో లెక్కపెట్టరు, మిల్లీలీటర్లతో లెక్కపెడతారు. అన్నం మూడు పాళ్ళు, గుడ్డో చేపో ఒక పాలు, కూరగాయలు రెండు పాళ్ళు పెట్టి ఖాళీ లేకుండా నింపితే, పెట్టె ఎన్ని మిల్లీలీటర్లో సుమారుగా అన్ని కేలరీలు వస్తాయని వాళ్ళ లెక్క. కిండర్‌గార్టెన్ పిల్లలకి 300 నుంచి 400, మీ వాడి ఈడుకి 500 దాటాక, పెద్ద మగవాళ్ళకి 800 పైన. మన అన్నం పొడిపొడిగా ఉంటుంది, అంత అదిమి పెట్టం. కాబట్టి కొంచెం ఎక్కువే చూసుకోవాలి.

సీతమ్మధార_స్వాతి
మిల్లీలీటర్లు డబ్బా మీద రాయకపోతే?

ఒకప్పటి_ఒసాకా
200 మిల్లీలీటర్ల గ్లాసుతో నీళ్ళు పోసి చూడండి. ఎన్ని గ్లాసులు పడితే అంత. మా ఇంట్లో పెద్దగా కనిపించే ఒక డబ్బాలో రెండు గ్లాసులే పట్టాయి. మిగతాదంతా రెండు పొరల గోడే.

బీచ్_రోడ్డు_బాబాయ్
చేప అన్నారు కాబట్టి అడుగుతున్నాను. నెత్తళ్ళ వేపుడు ఈ లెక్కలో వస్తుందా? వస్తే నాక్కూడా ఒక బెంటో కావాలి.

ఒకప్పటి_ఒసాకా
వస్తుంది బాబాయ్, భేషుగ్గా. కాకపోతే ఆ మూత రబ్బరు తర్వాత ఇంకే కూరకీ పనికిరాదు.

ఏ_షిఫ్ట్
స్వాతి గారు స్టీలు అన్నారు. స్టీలంటే ఏ స్టీలో కూడా చూడాలమ్మా. నేను ఉక్కునగరంలో, అంటే విశాఖ స్టీల్ ప్లాంటులో ఉద్యోగం చేసి రిటైరయ్యాను. మన ప్లాంటులో స్టెయిన్‌లెస్ చెయ్యరు. ఇక్కడ వచ్చేది ఇళ్ళకి వేసే కడ్డీలు, తీగ చుట్టలు, యాంగిల్స్ లాంటివి. స్టెయిన్‌లెస్ కోసం సేలంలో వేరే ప్లాంటు ఉంది. అయినా లోహం సంగతి కొంత తెలుసు కాబట్టి చెబుతున్నాను.

గిన్నెలకి మంచిది 304 రకం. అందులో క్రోమియం 18 శాతం, నికెల్ 8 శాతం దాకా ఉంటుంది, 18/8 అని ముద్ర వేసేది దాన్నే. చవకగా వచ్చేవాటిలో 202 రకం ఎక్కువ. నికెల్ ఖరీదు కాబట్టి దాన్ని సగానికి తగ్గించి మాంగనీస్ కలుపుతారు. కొత్తలో రెండూ ఒకేలా మెరుస్తాయి. ఉప్పు, పులుపు రోజూ తగిలితే 202కి ముందు అతుకు దగ్గర, మూల మడత దగ్గర గోధుమ రంగు చుక్కలు మొదలవుతాయి. అయస్కాంతం అంటుకోకపోతే మంచి స్టీలే అంటారు చాలామంది. అది సరిపోదు, ఎందుకంటే 202కి కూడా అంటుకోదు. అంటుకుంటే మాత్రం నికెల్ లేని రకం అయ్యుండొచ్చు. అందులోనూ ఒక మెలిక ఉంది. అసలైన 304 కూడా వంచిన అంచుల దగ్గర కాస్త లాగుతుంది. కాబట్టి పళ్ళెంలా చదునుగా ఉన్న అడుగున పెట్టి చూడండి, అంచున కాదు. ముద్ర, బిల్లు మీద రకం రాయించుకోవడం, ఇవే గట్టి మార్గాలు.

మన ఊళ్ళో ఇంకొకటి చూడాలి. సముద్రపు గాలికి డబ్బా పాడవదు, క్లిప్పు పాడవుతుంది. క్లిప్పు తిరిగే చోట ఉండే చిన్న పుల్ల మామూలు ఇనుముది వేస్తారు. ఆరు నెలల్లో తుప్పు పట్టి బిగుసుకుపోతుంది. పెద్దవాళ్ళకే తియ్యడం కష్టమవుతుంది.

పూర్ణామార్కెట్_పిన్ని
ఎంత మంచి స్టీలైనా ఆవకాయ రాత్రంతా ఉంచకూడదు. మా ఇంట్లో మంచి గిన్నెకే అడుగున సూదితో పొడిచినట్టు గుంటలు పడ్డాయి.

ఏ_షిఫ్ట్
ఉప్పు పని అది పిన్నీ. స్టెయిన్‌లెస్ మీద కంటికి కనపడని క్రోమియం ఆక్సైడ్ పొర ఒకటి ఉంటుంది, తుప్పు రాకుండా కాపాడేది అదే. ఉప్పు ఒకేచోట నిలిచి ఉంటే ఆ పొరని తినేస్తుంది. సాయంత్రం రాగానే డబ్బా కడిగేస్తే ఏమీ కాదు.

ఒకప్పటి_ఒసాకా
ఇది అక్కడా ఉన్న కథే. అన్నం మధ్యలో ఎర్రటి ఉమెబోషి ఒక్కటి పెడతారు, ఉప్పులో ఊరేసిన పుల్లటి పండు. వాళ్ళ జెండాలా కనిపిస్తుందని దానికి హినోమారు బెంటో అని పేరు. పాతకాలం అల్యూమినియం పెట్టెల్లో ఆ పండు రోజూ ఒకేచోట తగిలి మూతకి చిల్లులు పడేవట. తర్వాత పైన ప్రత్యేకంగా పొర కట్టిన అల్యూమినియం వాడారు. మన సత్తు (అల్యూమినియం) గిన్నెల్లో చింతపండు పులుసు ఉంచొద్దని అమ్మమ్మలు చెప్పేది ఎందుకో నాకు అక్కడ తెలిసింది.

ఒకటో_తరగతి_టీచర్
అందరూ స్టీలు, ప్లాస్టిక్ దగ్గరే ఉన్నారు. మధురవాడ అమ్మ గారూ, ఒక్క మాట అడుగుతాను. మీ వాడికి ఆ మూత తియ్యడం వచ్చా?

నేను పన్నెండేళ్ళుగా చిన్న పిల్లల క్లాసు చూస్తున్నాను. భోజనం బెల్లు కొట్టగానే నా చుట్టూ పదిహేను డబ్బాలు చేరతాయి. ఇంట్లో అమ్మలు కొత్త డబ్బా ఖాళీగా ఉన్నప్పుడు పిల్లాడితో తీయించి చూస్తారు, వచ్చేస్తుంది. స్కూల్లో అదే డబ్బా రాదు. పొద్దున్న పొగలు కక్కే అన్నం పెట్టి వెంటనే మూత వేస్తారు కదా. లోపలి ఆవిరి చల్లారి నీరవుతుంది, లోపల గాలి ఒత్తిడి తగ్గుతుంది, బయటి గాలి మూతని కిందికి నొక్కేస్తుంది. రబ్బరు ఎంత బాగుంటే అంత గట్టిగా పట్టేస్తుంది. ఒక్కోసారి నేనే స్పూన్ కాడతో అంచు లేపాలి.

మూత రాక తినని పిల్లలూ ఇంటికెళ్ళి "ఆకలెయ్యలేదు" అనే చెబుతారు. నాకు రాలేదు అని చెప్పుకోవడం వాళ్ళకి చిన్నతనం.

సీతమ్మధార_స్వాతి
టీచర్ గారూ, మా పాపకి కూడా ఇలాగే ఉందేమో అని ఇప్పుడే భయం వేస్తోంది.

మధురవాడ_అమ్మ
నిన్న రాత్రి టీచర్ గారి పోస్టు చదివి నిద్ర పట్టలేదు. ఈరోజు ఆదివారం. పొద్దున్న 6:30కి వేడన్నం పెట్టి, రోజూ ఎలా మూస్తానో అలాగే మూసి పక్కన పెట్టాను. 12 దాటాక హాల్లో చాప మీద కూర్చోబెట్టి "నువ్వే తీసుకో నాన్నా" అన్నాను.

రెండు బొటనవేళ్ళూ క్లిప్పు కింద పెట్టాడు. గోళ్ళు తెల్లబడిపోయాయి. క్లిప్పులు ఎలాగో లేచాయి, మూత లేవలేదు. డబ్బాని పొట్టకి ఆనించుకుని ఒక మూల పట్టుకుని లాగాడు. తిప్పి ఇంకో మూల లాగాడు. నేను కావాలనే చెయ్యి వెయ్యలేదు. చివరికి డబ్బా చాప మీద పెట్టేసి, "ఇది ఇంతే అమ్మా" అన్నాడు. కోపంగా కాదు, రోజూ ఉండేదే అన్నట్టు. మిస్‌ని అడగొచ్చు కదా అంటే, "అడుగుతాను. లైన్ ఉంటుంది. నా వంతు వచ్చేసరికి అందరూ చేతులు కడిగేసుకుంటారు" అన్నాడు.

మూడు రోజులు వాడిని తిట్టాను. ఎందుకు తిట్టానా అని ఏడుపొచ్చింది.

పూర్ణామార్కెట్_పిన్ని
ఏడవకమ్మా. తెలిసింది కదా, ఇక బాగుపడుతుంది. పొద్దున్న అన్నం గిన్నెలోంచి నేరుగా డబ్బాలోకి పెట్టకు. వెడల్పు పళ్ళెంలో పరిచి ఫ్యాను కింద పది పదిహేను నిమిషాలు ఉంచు. ఆవిరి పోతుంది, మూత పట్టదు, మూత కింద నీళ్ళు కారి అన్నం చిమిడినట్టు అవ్వదు. ఈ ఊరి ఉక్కపోతకి ఆ నీళ్ళతోనే సగం పాడవుతుంది.

పెరుగన్నం పంపాలంటే పెరుగు పొయ్యకు, పుల్లబడిపోతుంది. అన్నం మెత్తగా మెదిపి, గోరువెచ్చని పాలు పోసి, ఒక చెంచా పెరుగు కలుపు. డబ్బాలోనే తోడుకుంటుంది. 12 గంటలకి కమ్మగా ఉంటుంది. కొబ్బరి పచ్చడి మాత్రం డబ్బాలో వద్దు, ముందు పాడయ్యేది అదే.

ల్యాబ్_కోటు
అన్నం ఆరబెట్టి పెట్టమని పిన్ని గారు చెప్పింది సరైనది. నేను మైక్రోబయాలజీ చదివాను, కారణం రాస్తాను. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉంటాయి. ఉడికించినా అవి చావవు. అన్నం గోరువెచ్చగా చాలాసేపు ఉంటే మొలిచి పెరుగుతాయి. వాంతులు తెప్పించే విషం తయారయ్యాక మళ్ళీ వేడి చేసినా అది పోదు. 5 నుంచి 60 డిగ్రీల మధ్య ఎంత తక్కువ సేపు ఉంటే అంత మంచిది. చల్లారిన అన్నం కూడా ఆ మధ్యలోనే ఉంటుంది కాబట్టి పూర్తి భరోసా లేదు, కానీ ఉన్నవి రెండు దారులు. ఆవిరి పోనిచ్చి త్వరగా చల్లార్చి పెట్టడం, లేదా 60కి పైనే నిలిపే వాక్యూమ్ డబ్బాలో పొగలతో పెట్టడం. మధ్యస్థంగా వెచ్చగా ఉంచే మామూలు హాట్‌బాక్సులు పిల్లలకి ఐదు గంటలు వాడొద్దు.

కంచరపాలెం_కుర్రోడు
మేం హాట్‌బాక్సే వాడుతున్నాం, మూడేళ్ళుగా ఏమీ కాలేదు. పిల్లలకి వేడిగా ఉంటేనే తినాలనిపిస్తుంది. చల్లన్నం పెట్టి తినమనడం నాకు ఇష్టం ఉండదు.

ల్యాబ్_కోటు
వేడిగా ఉండాలనే మీ కోరిక తప్పు కాదు. వాక్యూమ్‌ది అయితే పెట్టే ముందు మరుగుతున్న నీళ్ళు పోసి ఐదు నిమిషాలు ఉంచి, పారబోసి, అప్పుడు అన్నం పెట్టండి. లేకపోతే లోపలి స్టీలే అన్నం వేడి లాగేస్తుంది. 12 గంటలకి ఒకసారి మీరే తెరిచి చూడండి. పొగ రాకుండా వెచ్చగా మాత్రమే ఉంటే ఆ డబ్బా మార్చండి.

కంచరపాలెం_కుర్రోడు
రేపు చూస్తాను. పొగ రాకపోతే ఇక్కడే చెబుతా.

అక్కయ్యపాలెం_అను
హాట్‌బాక్సుల మాట వచ్చింది కాబట్టి. బయట ప్లాస్టిక్, లోపల స్టీలు అంటించిన రకం కొనేటప్పుడు లోపలి స్టీలు గిన్నె విడిగా వస్తుందో లేదో చూడండి. రాకపోతే రెండింటి మధ్యకి నీళ్ళు వెళ్తాయి. నా డబ్బా ఊపితే గలగలమనేది. కడిగిన డబ్బా నుంచే పాచి వాసన వచ్చేది.

మూత రబ్బరు కూడా అంతే. ఊడదీసి కడగగలిగేదే తీసుకోండి. నేను ఏడాది వాడాక మొదటిసారి ఊడదీశాను, గాడి పొడవునా నల్లటి బూజు. వారానికి రెండుసార్లు తీసి, సబ్బు నీళ్ళలో నానబెట్టి, పూర్తిగా ఆరాకే తిరిగి పెట్టాలి. విడి రబ్బరు దొరుకుతుందా అని కొనే ముందే షాపులో అడగండి.

మధురవాడ_అమ్మ
ఉన్న నీలం డబ్బాకి పసుపు మరక పోవడం లేదు. దానికేమైనా ఉందా?

అక్కయ్యపాలెం_అను
ఎండలో పెట్టండి. కడిగి, తడిగానే, డాబా మీద ఒక పూట. పసుపు రంగు ఎండకి తట్టుకోదు, దానంతట అదే వెలిసిపోతుంది. పీచుతో గట్టిగా తోమితే గీతలు పడి ఇంకా పట్టేస్తుంది. అడుగున త్రికోణంలో 5 అంకె ఉందా? ఉంటే పాలీప్రొపిలీన్, తిండికి వాడే ప్లాస్టిక్‌లో మంచి రకమే. పండ్లకి, బిస్కెట్లకి ఉంచుకోండి. పారెయ్యకండి.

గాజువాక_గిరి
డబ్బా కొనేటప్పుడు చిన్న పరీక్ష. నీళ్ళ సీసా వెంట పట్టుకెళ్ళి, షాపులోనే డబ్బాలో సగం నీళ్ళు పోసి, మూత వేసి, బల్ల మీద టిష్యూ పేపర్ పరిచి తలకిందులుగా పెట్టండి. పది నిమిషాలు బేరం ఆడుతూ కూర్చోండి. షాపతను వద్దంటే ఆ షాపు వద్దు.

ఒకటో_తరగతి_టీచర్
గిరి గారి పరీక్షకి ఇంకొకటి కలపండి. పిల్లాడిని కూడా తీసుకెళ్ళండి. మీరు మూసిన మూత వాడు తియ్యాలి, వాడు మూసిన మూత మీరు తలకిందులు చెయ్యాలి. వాడు సరిగ్గా మూయకపోతే తిరుగు ప్రయాణంలో మిగిలింది కారుతుంది.

నా అభిప్రాయం అడిగితే, ఈ వయసుకి అరలు రెండు చాలు. ఐదు అరలుంటే అమ్మలు ఐదూ నింపుతారు, పిల్లలకి ఉండేది ఇరవై నిమిషాలు.

మధురవాడ_అమ్మ
నలుగురూ చెప్పినవి కాగితం మీద రాసుకుని బుధవారం సాయంత్రం వాడిని తీసుకుని పూర్ణా మార్కెట్ వెళ్ళాను. మూడు షాపుల్లో నీళ్ళ పరీక్ష వద్దన్నారు. నాలుగో షాపులో ఒక పెద్దాయన తనే టిష్యూ ఇచ్చాడు. మొదటి డబ్బా కారింది. రెండోదాన్ని మా వాడు తియ్యలేకపోయాడు. మూడోది స్టీలుది, బల్లపరుపుగా ఉంది, మధ్యలో ఒకటే గోడ, మూత మీద వేలితో లేపే చిన్న సిలికోన్ బుడిపె ఉంది. అది లేపితే "ఫుస్" అని గాలి లోపలికి వెళ్ళి మూత వదిలేస్తుంది. వాడికి ఆ చప్పుడు ఎంత నచ్చిందంటే షాపులో ఏడెనిమిదిసార్లు తీసి మూశాడు. అడుగున 304 అని ముద్ర ఉంది, బిల్లు మీద కూడా రాయించాను. గ్లాసుతో కొలిస్తే మూడు గ్లాసులకి కొంచెం తక్కువ. పులుసు కోసం మరచుట్టు మూత ఉన్న చిన్న స్టీలు డబ్బా ఒకటి విడిగా తీసుకున్నాను.

గురువారం అన్నం పళ్ళెంలో ఆరబెట్టి, ఒక వైపు పప్పన్నం ముద్దగా కలిపి, రెండో వైపు బంగాళాదుంప వేపుడు పెట్టాను. సాయంత్రం డబ్బా తేలిగ్గా ఉంది. తీసి చూస్తే లోపల నాలుగు కరివేపాకు రెబ్బలు, ఒక ఎండు మిరపకాయ. వేరే ఏమీ లేదు.

ఒకటో_తరగతి_టీచర్
ఈ పోస్టు స్టాఫ్ రూమ్‌లో అందరికీ చదివి వినిపించాను.

సీతమ్మధార_స్వాతి
మా పాపని నిన్న కూర్చోబెట్టి చూశాను. తనకి మూత వస్తోంది, కాకరకాయే నచ్చడం లేదట. అది వేరే చర్చ.

కంచరపాలెం_కుర్రోడు
మధ్యాహ్నం ఇంటికొచ్చి హాట్‌బాక్స్ తెరిచాను. పొగ లేదు, చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంది. ల్యాబ్ కోటు గారూ, మీరు చెప్పింది నిజం. ఆదివారం ఆ పూర్ణా మార్కెట్ పెద్దాయన దగ్గరికే వెళ్తున్నాను. ఏ సందులోనో చెప్పండి.

మధురవాడ_అమ్మ
చెబుతాను, మెసేజ్ పెట్టండి. ఇంకో ప్రశ్న. రేపటికి బెండకాయ పులుసు కావాలని వాడే అడిగాడు. ఆ చిన్న డబ్బాలో నిండా పోయొచ్చా?

పూర్ణామార్కెట్_పిన్ని
నిండా వద్దు, ముప్పావు పొయ్యి. చల్లారాకే మూత బిగించు, నువ్వు గట్టిగా బిగిస్తే వాడికి రాదు. పులుసు కొంచెం చిక్కగా దించు.